చేతికి తగిన గేరు

వార్షిక సంచికకు ఒక వ్యాసం వ్రాయవలసిందని సంపాదకవర్గం వారు కోరినప్పుడు, తెలుగు ఉపన్యాసకుడు గనుక ఇతడు ఏ పోతనను గూర్చియో, ఏ ప్రబంధ నాయికను గూర్చియో వ్రాస్తాడని వారు భావించి ఉంటారు. నేను వ్రాయబోతున్నది కారులోని గేరు కడ్డీని గూర్చి. చదువరులు నవ్వుకొన్నా నాకు అభ్యంతరం లేదు. మా ఇంట్లో ఏడాదిపాటు నడిచిన వాగ్వాదమంతా ఆ జానెడున్నర ఇనుప కడ్డీ చుట్టూనే తిరిగింది. ఆ వాదంలో ఒక పక్షం నాది. నా పక్షం సరియైనదేనని ఇప్పటికీ నమ్ముతున్నాను గాని, దానిని నేను సమర్థించిన తీరు మాత్రం మొదట పూర్తిగా తప్పు.

మేము మధురానగర్‌లో ఉంటాము. మా ఆపా నగరం అంచున ఉన్న ఒక పాఠశాలలో గణితం బోధిస్తుంది. 2019 మార్చిలో అమీర్‌పేట నుండి హైటెక్ సిటీ వరకు మెట్రో రైలు నడక ప్రారంభమై మా వీధి మొగలోనే స్టేషను వెలసినా, ఆమె బడి ఆ దారిలో లేదు. అదీగాక అబ్బాకు కంటి నరం దెబ్బతిని చూపు మందగించింది. నెలనెలా వైద్యుని వద్దకు తీసికొనిపోవాలి. అందుచేత ఇంటిల్లిపాదీ కూడబలుక్కొని ఒక పాత చిన్న కారు కొన్నాము. దానిని ఆపాయే నడపాలని నిశ్చయించుకొన్నాము. నాకు డ్రైవింగ్ రాదు. నేర్చుకోవాలన్న ఉత్సాహమూ లేదు.

ఆపా పొట్టిగా ఉంటుంది. పైగా బడి రోజులలో జామచెట్టు మీదినుండి పడి ఎడమ మోచెయ్యి విరిగింది. ఎముక అతుక్కొంది గాని ఆ చెయ్యి లంబకోణానికి మించి వంగదు. అన్నం కుడిచేత తింటాము, వ్రాత కుడిచేత వ్రాస్తాము. ఇన్నేళ్లూ ఆ లోపం ఎవరి కంటా పడలేదు. మన దేశంలో కారు నడిపేవారు కుడివైపున కూర్చుండి, గేర్లను ఎడమచేత మార్చవలసి ఉండటంతో అది మొదటిసారి బయటపడింది. నేర్పడానికి కుదిరిన వ్యక్తి పదిరోజులు ప్రయత్నించి, “మేడం, మీరు ఆటో చేసుకొని వెళ్లడమే మంచిది” అని సెలవు తీసికొన్నాడు. ఆపా ఆ రాత్రి ఏమీ అనలేదు. మరునాడు బడికి ఆటోలోనే పోయింది.

అబ్బా ఆయుష్షులో ముప్పది సంవత్సరాలు అంబాసిడర్ స్టీరింగు వెనుక గడిచాయి. ఒక కార్యాలయంలో డ్రైవరుగా పనిచేసి విశ్రాంతి తీసికొన్నారు. ఆయన సిద్ధాంతం చాల సరళమైనది: బండి మారదు, చెయ్యే మారాలి. కొత్తగా చేరిన కుర్రవాళ్లందరికీ ఆయన అదే బోధించారు. నడుము నొచ్చినా, భుజం పట్టినా, బండికి తగ్గట్టు మనిషి ఒదగవలసిందే. ఇందులో తరతరాల శ్రామికుల ఓర్పు ఉంది. దానిని నేను తేలికగా చూడను. అయితే ఆ ఓర్పుకు వారు చెల్లించిన వెల ఎంతో అబ్బా భుజాన్ని ప్రతి శీతకాలం తైలంతో మర్దనా చేసే మా అమ్మీకి తెలుసు.

విచిత్రమేమంటే, అబ్బా నడిపిన కారులో ఈ చిక్కు ఇంతగా ఉండేది కాదు. పాత అంబాసిడర్‌లోను, ప్రీమియర్ పద్మినిలోను గేరు కడ్డీ నేలమీద ఉండదు. స్టీరింగు స్తంభానికి ప్రక్కగా, చక్రం క్రిందనే అమర్చి ఉంటుంది. దానిని కాలమ్ షిఫ్ట్ అనేవారు. ముందు సీటు బల్లవలె అడ్డంగా ఉండటం వలన డ్రైవరు ప్రక్కన మరి ఇద్దరు కూర్చునేవారు. సీటును ముందుకు జరిపినా, వెనుకకు జరిపినా, చక్రం మీది చేతికీ కడ్డీకీ మధ్య దూరం మారదు. అందులోనూ లోపాలు లేకపోలేదు. స్తంభం నుండి గేరుపెట్టె దాకా పోయే కడ్డీల బుష్‌లు అరిగితే గేర్లు రెండింటి మధ్య చిక్కుకొనేవి. నడిరోడ్డు మీద బానెట్ ఎత్తి వాటిని చేత్తో విడదీసే డ్రైవర్లను చూచినవారు మనలో ఇంకా ఉన్నారు. 1983 డిసెంబరులో మారుతి 800 రోడ్డెక్కింది. నేలమీది గేరు కడ్డీ చిన్నది, చురుకైనది. క్రమంగా అదే వాడుక అయింది. ఇసుజు ఇంజను అమర్చిన అంబాసిడర్‌లో సైతం ఐదు గేర్ల కడ్డీ నేలమీదికి దిగింది. 2014 మేలో ఉత్తర్‌పాడాలో అంబాసిడర్ తయారీయే నిలిచిపోయింది.

నేలమీది కడ్డీతో వచ్చిన చిక్కును ఎవరూ పెద్దగా చెప్పుకోరు. సీటు జరుగుతుంది. కడ్డీ జరుగదు. పొడవాటి మనిషి సీటును వెనుకకు నెట్టుకొంటే కడ్డీ దూరమవుతుంది. చేయి చాచితే సరిపోతుంది. కాని పొట్టి మనిషి క్లచ్ అందడానికి సీటును ముందుకు లాగుకొంటే కడ్డీ తొడ ప్రక్కకు వచ్చి చేరుతుంది. అప్పుడు రెండవ గేరు వేయాలన్నా, నాలుగవ గేరు వేయాలన్నా మోచేతిని నడుము వెనుకకు లాగాలి. వంగని మోచెయ్యి గలవారు ఆ పని చేయడానికి భుజాన్ని ఎత్తి, మొండెమంతా ప్రక్కకు త్రిప్పుతారు. ఆ క్షణంలో కళ్లు రోడ్డు మీద ఉండవు. పంజగుట్ట కూడలిలో ఒక్క క్షణం కళ్లు రోడ్డు మీద లేకపోతే ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు.

ఇంత స్పష్టంగా ఇప్పుడు వ్రాస్తున్నాను గాని, ఆనాడు నాకు ఇది తెలియదు. పొట్టి మనిషికి కడ్డీ అందడం లేదని ఊహించాను. అంగడిలో నాబ్ క్రింద బిగించే రెండంగుళాల పొడిగింపు ముక్క ఒకటి, తళతళలాడే ఉక్కు నాబ్ ఒకటి కొని తెచ్చాను. నాబ్ మర కడ్డీ మరకు సరిపడక ఒకసారి మార్పించుకొని రావలసి వచ్చింది. బిగించిన తరువాత పరిస్థితి మునుపటికంటె అధ్వాన్నమైంది. రెండవ గేరు వేస్తే నాబ్ సీటు అంచును తాకింది. ఇక ఆ ఉక్కు నాబ్, మే నెల ఎండలో ఒక గంట నిలిపిన కారులో, పెనం మీది రొట్టె వలె చేతిని కాల్చింది. “ఎం.ఏ. చదివినవాడి మరమ్మతు” అని అబ్బా నవ్వారు. నవ్వవలసిందే.

పొడిగిస్తే ఎందుకు చెడింది? విజ్ఞానశాస్త్ర విద్యార్థులకు ఇది ఉన్నత పాఠశాలలో చదివిన తులాదండమే. గేరు కడ్డీ ఒక బంతి కీలు మీద ఊగుతుంది. ఉదాహరణకు కీలుకు పైన 30 సెంటీమీటర్లు, క్రింద 6 సెంటీమీటర్లు ఉన్నదనుకొందాము. క్రింది కొస ఒక సెంటీమీటరు కదలాలంటే పైన చెయ్యి 5 సెంటీమీటర్లు కదలాలి. పైభాగాన్ని మరొక 6 సెంటీమీటర్లు పెంచితే చెయ్యి 6 సెంటీమీటర్లు కదలాలి. బలం ఆరవ వంతు తగ్గుతుంది గాని దూరం పెరుగుతుంది. ఆపాకు కావలసింది బలం కాదు, చోటు. నేను ఆమెకు అక్కరలేనిదానిని ఇచ్చి, ఉన్న కొద్దిపాటి చోటును లాగుకొన్నాను. యువకులు వేడుకకు కడ్డీని కురచ చేయించుకొంటారు. అప్పుడు ఇదే లెక్క తలక్రిందులవుతుంది. దూరం తగ్గుతుంది, బలం ఎక్కువ కావాలి. ఏ పొడవూ తనంతట మంచిదీ కాదు, చెడ్డదీ కాదు.

అమీర్‌పేట అంటే ఇప్పుడు దేశమంతటికీ కంప్యూటరు శిక్షణల బోర్డులే గుర్తుకు వస్తాయి. ఆ బోర్డుల వెనుక సందులలో ఇంకా కొన్ని మెకానిక్ షెడ్లు మిగిలి ఉన్నాయి. వాటిలో ఒకదానిలో పనిచేసే ఒక వృద్ధ ఉస్తాద్ వద్దకు, చివరకు అబ్బాయే మమ్మల్ని తీసికొనిపోయారు. నేను కడ్డీని గూర్చి నా సిద్ధాంతాన్ని వివరించబోగా ఆయన చేయి అడ్డుపెట్టి, “పహలే బేటీకో బిఠావో, రాడ్ బాద్ మే దేఖేంగే” అన్నారు. ముందు అమ్మాయిని కూర్చోబెట్టండి, కడ్డీ సంగతి తరువాత చూద్దామని.

ఆయన చేసిన పనిని వివరంగా వ్రాయడం నా ధర్మమని భావిస్తున్నాను. ఇటువంటి పనులను వ్రాసిపెట్టేవారు లేరు. ఆపాను తన వీలుకు తగ్గట్టు సీటు జరుపుకొని కూర్చోమన్నారు. క్లచ్ పూర్తిగా తొక్కమన్నారు. కళ్లు మూసికొని ఎడమచేతిని హాయిగా ముందుకు వదలమన్నారు. ఆ అరచెయ్యి గాలిలో ఎక్కడ నిలిచిందో చూచి, కడ్డీ మొదలు నుండి అక్కడిదాకా ఒక మెత్తని బైండింగు తీగను వంచి పట్టుకొన్నారు. ఆ తీగయే ఆయన నమూనా. నాలుగు గేర్ల స్థానాలలోను, రివర్సులోను ఆ తీగ ఏ ప్రక్క ఏమి తాకుతుందో పరీక్షించారు. కొలబద్ద ముట్టుకోలేదు.

కారులోని కడ్డీని వంచడానికి ఆయన ఒప్పుకోలేదు. పాత సామానుల అంగడి నుండి అదే రకపు కడ్డీని మరొకటి తెప్పించారు. బంతి కీలు దగ్గరి ప్లాస్టిక్ బుష్‌లను ఊడదీసి, కడ్డీని షెడ్డులో గ్యాసు మంట మీద ఎర్రగా కాల్చి, కీలుకు చాల పైన, తోలు తొడుగు దాటిన చోట, ముందువైపుకు వంచారు. వెంటనే నీళ్లలో ముంచబోయిన కుర్రవాణ్ణి కసిరి, గాలిలో చల్లారనిచ్చారు. ఎర్రగా కాలిన ఉక్కును నీళ్లలో ముంచితే అది గట్టిపడి పెళుసు కావచ్చు. పెళుసు కడ్డీ విరిగే సమయాన్ని మనల్ని అడిగి నిర్ణయించుకోదు. ముక్క అతికించి వెల్డింగు చేస్తే పని సులువు గదా అని నేనంటే, “అది గోడకు కొట్టే మేకు కాదు” అన్నారు. మొదట రెండంగుళాలు ముందుకు వంచారు. కాని మొదటి గేరు వేసినప్పుడు ఆపా వేళ్లు డాష్‌బోర్డుకు తగిలాయి. మళ్లీ కాల్చి ఒకటిన్నర అంగుళానికి తగ్గించారు. నా ఉక్కు నాబ్‌ను తీసివేసి పాత ప్లాస్టిక్ నాబ్‌నే బిగించారు. ఒక పూట పని. ఆయన తీసికొన్న కూలి చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది.

గమనించండి: వంపు వలన కీలు నుండి నాబ్‌కు ఉన్న దూరం ఇంచుమించు మారలేదు. కనుక గేరు మార్చడానికి కావలసిన బలమూ, దూరమూ మునుపటివే. మారింది చెయ్యి పడే చోటు ఒక్కటే. గేరుపెట్టెను ముట్టుకోలేదు, బ్రేకును ముట్టుకోలేదు. మూడు వారాలలో ఆపాకు గేర్లు చేతికి వచ్చాయి. తరువాత లైసెన్సు కూడా వచ్చింది.

ఈ వృత్తాంతాన్ని అధ్యాపకుల గదిలో చెప్పినప్పుడు ఒక మిత్రుడు, “అంత పెద్ద కర్మాగారాలలోని ఇంజనీర్లకు తెలియనిది ఆ ముసలాయనకు తెలిసిందా?” అని ఆక్షేపించాడు. ప్రశ్న న్యాయమైనదే. ఇంజనీర్లకు తెలియక కాదు. వారికి ఆపా తెలియదు, అంతే. 1950లో అమెరికా వైమానిక దళంలో గిల్బర్ట్ డేనియల్స్ అనే యువ పరిశోధకుడు 4,063 మంది పైలట్ల శరీర కొలతలను పరిశీలించాడు. ఎత్తు, ఛాతీ, చేతి పొడవు వంటి 10 కొలతలను తీసికొని, ఆ పదింటిలోను సగటుకు దగ్గరగా ఉన్నవారు ఎందరని లెక్క చూచాడు. ఒక్కడు కూడా లేడు. సగటు మనిషికని కట్టిన విమానపు గది నిజానికి ఎవ్వరికీ కట్టినది కాదని తేలింది. ఆ తరువాత సీట్లూ, పెడళ్లూ, పట్టీలూ మనిషిని బట్టి సవరించుకొనే ఏర్పాట్లు వచ్చాయి. మన దేశంలో అహమదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థ 1997లో దేవకుమార్ చక్రవర్తి సంకలనం చేసిన భారతీయుల శరీర కొలతల గ్రంథాన్ని ప్రచురించింది. అటువంటి గ్రంథాలు కర్మాగారానికి అవసరం. కాని గ్రంథం చివరి పుట దాటిన చోట ఎవరో ఒకరు బైండింగు తీగ పట్టుకొని నిలబడాలి.

శరీరానికి తగ్గట్టు వస్తువును మలచడం మనకు కొత్త కాదు. పంజగుట్టలోని నిజాం ఆర్థోపెడిక్ ఆసుపత్రి, అనగా ఇప్పటి నిమ్స్, మా ఇంటికి ఎంతో దూరం లేదు. పోలియో సోకిన కాలికి ఒక అంగుళం ఎత్తు మడమ వేసిన జోడు తొడిగిస్తే దానిని ఎవరూ అక్రమమనరు. జైపూరులో డాక్టర్ సేఠీ, రామచంద్ర శర్మ అనే శిల్పి కలిసి 1968 ప్రాంతంలో రూపొందించిన కృత్రిమ పాదం, బాసిపట్టు వేసికొని కూర్చునేవారికీ, చెప్పులు లేకుండా పొలంలో నడిచేవారికీ అనువుగా ఉండటం చేతనే ప్రఖ్యాతి పొందింది. కారు దగ్గరకు వచ్చేసరికి మాత్రం కంపెనీ ఇచ్చినది దైవదత్తమైనట్లు భావిస్తాము.

చట్టం మాట చెప్పకపోతే ఈ వ్యాసం బాధ్యతారహితమవుతుంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను, నిర్మాత నిర్దేశించిన ప్రమాణాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని శాసిస్తున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఒక తీర్పులో దీనిని గట్టిగా సమర్థించింది. చెవులు చిల్లులు పడే సైలెన్సర్లు బిగించుకొని మన కళాశాల గేటు ముందు తిరిగే యువకులు ఈ వాక్యాన్ని రెండుసార్లు చదువుకోవాలి. వారిని నేను ఆపాతో కలిపి సమర్థించడం లేదు. అదే 2019లో జరిగిన సవరణ ద్వారా, శారీరక లోపం గలవారి ఉపయోగానికై మార్చిన వాహనాన్ని ‘అడాప్టెడ్ వెహికిల్’గా చట్టం నిర్వచించి గుర్తించింది. అర్హులైనవారు తప్పక ఆ దారినే పోవాలి.

నా ఆరోపణ చట్టం మీద కాదు, దానిలోని రెండు గడుల మధ్య ఉన్న ఖాళీ మీద. ఒక గడిలో సంపూర్ణ ఆరోగ్యవంతులు, ఒక గడిలో ధ్రువపత్రం గల వికలాంగులు. ఆపా ఏ గడిలోనిది? చేతికి ధ్రువపత్రమిచ్చేటంత లోపం లేదు. సగటు చెయ్యీ కాదు. మన అమ్మలూ, అక్కలూ, నడుము వంగిన పెద్దలూ, అయిదడుగులు దాటని నా విద్యార్థినులలో చాలమందీ ఈ ఖాళీలోనే నివసిస్తున్నారు. ఇంజను, బ్రేకు, చట్రం వంటివాటిని ముట్టుకొనే మార్పు వేరు. చెయ్యి పడే చోటును సవరించే మార్పు వేరు. ఈ రెండింటినీ నియమాలు స్పష్టంగా విడదీసి, రెండవదానికి ఒక సులభమైన తనిఖీని ఏర్పరచాలని నా అభిప్రాయం. అంతవరకు మావంటివారు చేయగలిగింది దాపరికం లేకుండా ఉండటమే. మేము బీమా సంస్థకు జరిగినదంతా ఉత్తరం వ్రాసి, నకలును కారు కాగితాలతో ఉంచాము.

ఇదంతా కళాశాల పత్రికలో ఎందుకు? మన పరీక్ష హాలులోని కుర్చీలను చూడండి. వ్రాసుకొనే పలక ప్రతి కుర్చీకీ కుడివైపుననే ఉంది. ఎడమచేతి వాటం పిల్లలు మూడు గంటలు మొండెం త్రిప్పి కూర్చుండి వ్రాస్తారు. ఇన్విజిలేటరుగా తిరుగుతూ నేనే ఒక విద్యార్థినిని, ప్రక్కవారి కాగితం చూస్తున్నదనుకొని, రెండుసార్లు మందలించాను. మూడవసారి గాని ఆమె ఎడమచేత వ్రాస్తున్నదని గమనించలేదు. ఆ అమ్మాయి క్షమాపణ కూడా చెప్పింది. తప్పు నాది, కుర్చీది. ప్రతి గదికీ రెండేసి కుర్చీలకు పలకను ఎడమవైపుకు మార్పించవలసిందిగా కమిటీ వారిని ఈ పత్రికాముఖంగా కోరుతున్నాను. వడ్రంగికి అది రెండు రోజుల పని. ఏ చట్టమూ అడ్డురాదు.

మరొక కోరిక భాషకు సంబంధించినది. ఆ షెడ్డులో గడిపిన పూటలో నా చెవిన పడిన మాటలు నిఘంటువులలో నాకు సులభంగా దొరకవు. స్పానర్‌ను పానా అన్నారు, మరను చూడీ అన్నారు, లేతు యంత్రాన్ని ఖరాద్ అన్నారు. ఉర్దూ ఎక్కడ ఆగి తెలుగు ఎక్కడ మొదలవుతుందో తెలియని భాష అది. మన తెలుగు ‘మర’ చూడండి, యంత్రమూ మరయే, దాన్ని బిగించే మేకు మీది గాడీ మరయే. ‘అందుబాటు’ అన్న మాటలోనైతే చెయ్యి చాచితే అందడమన్న అర్థం స్పష్టంగానే ఉంది. మేము ఏడాదిపాటు వాదించుకొన్న విషయమంతా ఆ ఒక్క మాటలో ఉందని తరువాత గాని నాకు తట్టలేదు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి కృషితో 1962లో వ్యవసాయ పదాలతోను, 1971లో చేనేత పదాలతోను మాండలిక వృత్తి పదకోశాలు వెలువడ్డాయి. ఉర్దూ శాఖ, తెలుగు శాఖ విద్యార్థులు కలిసి ఈ వేసవిలో షెడ్లకు పోయి మెకానిక్కుల మాటలను సేకరిస్తే, రెండు భాషలూ తెలిసిన మన కళాశాలకంటె ఆ పనికి తగినవారు ఎవరు? నేను వెంట వస్తాను. ఉస్తాద్ అనుమతి అడిగే బాధ్యత నాది.

అబ్బా సిద్ధాంతం మారిందా అని మీరు అడుగవచ్చు. ఆయన ఇప్పటికీ చెయ్యే మారాలంటారు. కాని వైద్యుని వద్దకు పోయే ప్రతిసారీ ప్రక్క సీటులో కూర్చుండి, కూకట్‌పల్లి వైపు రద్దీలో ఆపా రెండవ గేరు వేసినప్పుడల్లా, సరిగా కనిపించని కళ్లతో ఆ కడ్డీ వైపు వంగి చూస్తారు. ఒకరోజు ఇంటికి వచ్చాక, ఆ వంపును వేళ్లతో తడిమి, “నా బండికి కూడా ఇట్లా చేయించుకొని ఉండవలసింది” అన్నారు. స్తంభం మీది కడ్డీకి ఆ అవసరం లేదు గదా అని నేను గుర్తుచేయబోగా ఆపా కళ్లతోనే వద్దని వారించింది.

తిన్నని పాత కడ్డీని పారవేయవద్దని ఉస్తాద్ ఆనాడే చెప్పారు. కారు అమ్మేనాడు దానిని తిరిగి బిగించి ఇవ్వాలట. కొనేవారి చెయ్యి ఎట్లాంటిదో మనకు తెలియదు గదా అన్నారు. గుడ్డలో చుట్టిన ఆ కడ్డీ డిక్కీలో, జాకీ ప్రక్కన ఉంది.